పదేళ్లు సాగే వార్తకు కాలమిస్టే దిక్కు

పత్రికలో క్రమం తప్పకుండా కాలమ్ రాసే కాలమిస్టు ఈ కాలంలో ఎందుకు, ఫోన్ ఉన్న ప్రతివాడూ అభిప్రాయం చెబుతూనే ఉన్నాడు, ఆ డబ్బుతో ఇద్దరు రిపోర్టర్లను పెట్టుకోవచ్చు కదా అని కొందరంటున్నారు. రిపోర్టర్లు కావాల్సిందే. కానీ మన పత్రికలు జీతమిచ్చి కాలమిస్టును పోషిస్తున్నదెక్కడ? ఎడిట్ పేజీ తిప్పండి. ఒక విశ్రాంత అధికారి, ఒక పార్టీ అధికార ప్రతినిధి, అడుగున 'అభిప్రాయాలు రచయిత వ్యక్తిగతం' అని చిన్నక్షరాల్లో ఓ ముక్క. పారితోషికం సంగతి అడక్కండి. వీళ్లు ఆ రోజుకు వ్యాసకర్తలు, అంతే. ఒకే విషయాన్ని ఏళ్ల తరబడి వదలనివాడు కాలమిస్టు. బెంగళూరులో స్థిరపడిన ఇంగ్లిష్ పాత్రికేయుడు టి.జె.ఎస్. జార్జ్ 2022 దాకా 25 ఏళ్లు వారం వారం కాలమ్ రాశారు.

అలాంటి కాలమిస్టు లేని లోటు ఎంతటిదో చెన్నై తెలుగువాళ్లకు తెలియాలి. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ తమిళనాడు 2006లో చట్టం తెచ్చింది. ఒక్కసారిగా కాదు, ఆ ఏడు ఒకటో తరగతి, మరుసటి ఏడు రెండో తరగతి, అలా. 2016లో అది పదో తరగతి పరీక్షకు చేరేసరికి తెలుగు లాంటి మైనారిటీ భాషల పిల్లల గొడవ హైకోర్టుకెక్కింది. చట్టం వచ్చిన రోజు వార్త, కోర్టుకెక్కిన రోజు వార్త. మరి మధ్యలో? 'ఈ ఏడు నాలుగో తరగతికి వచ్చింది' అని రిపోర్టర్ రాసుకెళితే ఏ డెస్కు వేసుకుంటుంది? అది జూన్‌లో బడి తెరిచినప్పుడల్లా రాయాల్సిన కాలమ్. తెలుగు పంతులు రిటైరైతే ఆ పోస్టులో ఎవరొచ్చారని అడగాలి. పాఠకుడు విసుక్కున్నా మళ్లీ అడగాలి.

అసలు జబ్బు ఇంకా పాతది. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి, అప్పటి మద్రాసుకు, వచ్చి దినపత్రిక అయింది. అమృతాంజనం డబ్బు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దానికే పోశారు. ఆంధ్రప్రభ 1938లో ఈ ఊళ్లోనే మొదలైంది. 1953లో మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయాక పత్రికలు మూటాముల్లె సర్దుకుని కృష్ణా తీరానికి, తర్వాత హైదరాబాద్‌కు వెళ్లాయి. జనం మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు తెలుగు మీడియాకు చెన్నై అంటే తుపాను, సినిమా, ఎన్నికలొస్తే మన ఓట్లెన్ని అన్న లెక్క.

చెన్నై ఎడిషన్ వేసే పత్రికల్ని అడిగేది ఒక్కటే: సన్మానాల, శాలువాల ఫొటోలు తగ్గించి, వారానికో అరపేజీ ఇక్కడే కాపురముండే మనిషికి ఇవ్వండి. జీతంతో సహా.