దిద్దేది జవాబునా, దస్తూరీనా?

జవాబు ఒకటే. ఒకరు ఆరు మార్కులు వేస్తారు, ఇంకొకరు మూడు. అడిగితే "వ్యాసం కదండీ, అంతే" అంటారు. అంతే అంటే ఎంత?

1912లోనే అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ పేపరును 100 మందికి పైగా టీచర్లతో దిద్దించారు. 30 మార్కులకు పైగా తేడా! లెక్కలైతే నయమా? జామెట్రీ పేపరు ఇంకా ఘోరం.

ఇన్నేళ్లయినా అదే తంతు. దస్తూరీ గుండ్రంగా ఉంటే ఓ అర మార్కు ఎక్కువ. ముందు పేపరు అద్భుతంగా ఉందా, తర్వాతి పిల్లాడి ఖర్మ. కట్ట అడుగుకొచ్చేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి, ఎర్ర పెన్ను మాత్రం ఆగదు. పేజీ వెనక రాసిన పాయింటు తిప్పి చూస్తేగా!

మొదటి మార్కులు కనపడకుండా ఇంకొకరితో దిద్దించొచ్చుగా? టైం లేదట. కూడికలు తప్పడానికి మాత్రం ఉంది.