అందరూ తలలే, తోకెవరు?

ఈ ఏడాది కూడా నాకు తలే వచ్చింది. డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటి, కేకు కోసి, ‘హ్యాపీ న్యూ ఇయర్, ప్రైజ్ ద లార్డ్’లు అయ్యాక పాస్టరమ్మగారు స్టీలు పళ్లెం పట్టుకొచ్చారు. కళ్లు మూసుకుని ఓ వాగ్దాన కార్డు తీశాను, అంటే ఈ ఏడాదికి దేవుడు నాకిచ్చే మాట అని నమ్మే బైబిలు వచనం అచ్చేసిన చీటీ. ‘యెహోవా నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు’ అని ఉంది. వెనక సూర్యోదయం, గులాబీ పువ్వు, జలపాతం, మూడూ ఒకే ఫొటోలో. అడుగున కార్డులు వేయించిన సంఘ పెద్దగారి పేరు, ఫోను నంబరు. పొంగిపోయి పక్కాయన కార్డు చూశాను. ఆయనా తలే. వెనక బెంచీలో ముగ్గురూ తలలే. క్వయరంతా తలలు. ప్యాడ్స్ వాయించే కుర్రాడు, సరిగ్గా తాళం పట్టడం ఇంకా రానివాడు, వాడూ తలే.

తోక ఉంటేనే గదా తలకి విలువ! మరి తోకెవరు? మా సంఘం నమ్మకం ప్రకారమైతే రోడ్డవతలి మందిరం వాళ్లు. విచారించగా తేలిందేమిటంటే వాళ్ల కార్డులూ మా ప్రెస్సులోనే అచ్చయ్యాయి, జలపాతం కూడా అదే. అంచేత జనవరి 1 తెల్లారేసరికి మా ఊళ్లో తోక అన్నది మందుకైనా దొరకని పరిస్థితి. రేషను షాపు ముందు క్యూ కడితే ఆఖర్న ఎవరు నిలబడాలి? అధికారులు ఆలోచించుకోవలసిన విషయం.

ఈ తల వచ్చింది బైబిల్లో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోంచి. అందులో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, తక్కిన 54 శాపాలు. ఆ 14లోనూ ‘ఆజ్ఞలు విని అనుసరించి నడుచుకుంటే’ అనే షరతు ఉంది, కార్డు సైజు చిన్నది గనక దాన్ని కత్తిరించారు. ఇక 54 శాపాల్లో ఒక్కటీ పళ్లెం ఎక్కిన పాపాన పోలేదు. ‘ఇల్లు కట్టుదువు గాని దానిలో నివసింపవు’ అన్న 30వ వచనం ఎవరికైనా వచ్చిందేమో అడగండి. ప్రీ లాంచ్ ఆఫరని అపార్ట్‌మెంటుకి డబ్బు కట్టి, పునాది గోతుల్లో వాననీళ్లు చూసుకుంటున్న సోదరులు మా సంఘంలో చాలామందే ఉన్నారు. వాళ్ల పరిస్థితికి అతికినట్టు సరిపోయే వాక్యం అదొక్కటే. అయినా వాళ్లకీ తలే ఇచ్చారు.

అసలు కార్యక్రమం ఆశీర్వాదం అయ్యాక, మందిరం బయట చెప్పుల దగ్గర మొదలవుతుంది. దాన్ని మార్పిడి కూటం అనొచ్చు. ఎవరి వాగ్దానం ఎవరికి కుదర్లేదో అక్కడ తేల్చుకుంటారు. ఎనభై దాటిన మామ్మగారికి, భర్త పోయి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు, ‘నీ భార్య ఫలించు ద్రాక్షావల్లివలె నుండును’ అని వచ్చింది. ‘ఇదేంటి బాబూ, నాకు పెళ్లాం ఎక్కడిది?’ అంటుంది. పాస్టరుగారు ఏమాత్రం తొణక్కుండా ‘ఆత్మీయంగా తీసుకోవాలమ్మా’ అన్నారు. ఆవిడ ఆత్మీయంగా తీసుకోలేదు. సంబంధాలు కుదరక తిరుగుతున్న మనవడి చేతిలో పెట్టి, వాడి చేతిలో ఉన్న ‘ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే’ తీసుకుని ఆటో ఎక్కింది. ఆ రాత్రి మొత్తమ్మీద వాక్యం చేరవలసిన చోటికి చేరింది ఆ ఆటోలోనే.

అమెరికా వీసాకి వెళ్లబోయే అబ్బాయికి ‘నీవు లోపలికి వచ్చునప్పుడు దీవింపబడుదువు, వెలుపలికి వెళ్లునప్పుడు దీవింపబడుదువు’ వచ్చింది. తల్లి హతాశురాలైంది. వెలుపలికి వెళ్లడం బాగానే ఉందండీ, లోపలికి రావడమేంటి, వెనక్కి పంపించేస్తారనా? వెళ్లడం మాత్రమే ఉండి రావడం లేని వచనం ఇవ్వమని ఆవిడ. అలాంటిది బైబిల్లో వెతికితే, తమ్ముణ్ని చంపి దేశదిమ్మరైపోయిన కయీను దగ్గర దొరికేలా ఉందని నేను. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది.

అందరికంటే బాగుపడింది మా రియల్ ఎస్టేటు సోదరుడు. అతనికి యెహోషువ 1:3 వచ్చింది. ‘మీరు అడుగుపెట్టు ప్రతి స్థలమును మీకిచ్చుచున్నాను.’ ఇశ్రాయేలు జనాన్ని కనాను దేశంలోకి నడిపించిన యెహోషువ కూడా ఆ వాక్యాన్ని అంత విశ్వాసంతో స్వీకరించి ఉండడు. మర్నాడు మంచులోనే మఫ్లరు చుట్టుకుని బయల్దేరాడు. ముందు బైపాసు పక్క వెంచరు చుట్టూ నడిచాడు. ఆ తర్వాత కాలవ పోరంబోకు. ఆ తర్వాత ప్రభుత్వ స్కూలు గ్రౌండు, అక్కడ పిల్లలు క్రికెట్ ఆడుతుంటే ‘అంకుల్, పిచ్ మీదనుంచి తప్పుకోండి’ అన్నారట. యెహోషువ ఖాళీ చేయించిన కనానీయుల్ని చూసినట్టు చూశాట్ట. ఆపైన, నా కళ్లతో నేను చూసింది, మందిరం ఖాళీ స్థలంలో కూడా ఈ చివర్నుంచి ఆ చివరికి ప్రార్థనాపూర్వకంగా నడిచాడు. కమిటీవాళ్లు ఆ సాయంత్రమే దస్తావేజులు బీరువాలోంచి తీసి సరిచూసుకున్నారు. వాగ్దానం నెరవేరితే ముందు పోయేది మనదే అని వాళ్లకి కూడా విశ్వాసం కలిగినట్టుంది.

వాక్యాన్ని చీటీలా తీయడం మనవాళ్లు కనిపెట్టింది కాదులెండి, దానికి గౌరవమైన చరిత్రే ఉంది. జర్మనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్లో, మతహింస తప్పించుకొచ్చిన మొరేవియన్ (మొరేవియా ప్రాంతపు ప్రొటెస్టెంటు) కాందిశీకులు 1728 నుంచి రోజుకో వాక్యం పెట్టుకునేవాళ్లు. 1731 నుంచి అది ఏటేటా పుస్తకంగా వస్తోంది, ఇప్పటికీ చీటీ తీసే వచనాలు ఎంచుతారు. వాళ్లలో లియొనార్డ్ డోబర్ అని ఒక కుమ్మరి, కరీబియన్ ద్వీపం సెయింట్ థామస్‌లో చెరకు తోటల బానిసల దగ్గరికి పోతానన్నాడు. పెద్దలు తేల్చలేక చీటీ తీశారు. ‘కుర్రాణ్ని వెళ్లనివ్వండి, ప్రభువు అతనికి తోడున్నాడు’ అని వచ్చింది. 1732లో డేవిడ్ నిట్ష్‌మన్ అనే వడ్రంగితో కలిసి బయల్దేరి వెళ్లాడు. అది చీటీ. దాంతో మనిషి బానిసల దగ్గరికి పోయాడు. మనం తీసే చీటీతో మనిషి సబ్‌రిజిస్ట్రారు దగ్గరికి పోతున్నాడు.

ఈమధ్య యూత్ రిట్రీట్లలో ‘దేవుడు నీ జీవితం పట్ల కలిగి ఉన్న ఉద్దేశం’ అనే అంశం తప్పనిసరైంది. మూల వాక్యం యిర్మీయా 29:11. ‘సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు.’ టీషర్టు మీద ఉంటుంది, మగ్గు మీద ఉంటుంది, ఫౌండేషన్ కోర్సు సీటు వచ్చినా అదే, పోయినా అదే. ఈ మాట ఎవరికి రాశారయ్యా అంటే బబులోనుకి చెరపట్టుకుపోయిన జనానికి. దానికి ముందు వచనంలోనే ఉంది, 70 సంవత్సరాలు పడుతుందని. అంటే ఆ ఉత్తరం చదివినవాళ్లలో చాలామంది బబులోనులోనే పోయారు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని కూడా అదే ఉత్తరంలో ఉంది. డెబ్బై ఏళ్ల ప్లానని చెబితే ఏ కుర్రాడు మాత్రం టీషర్టు కొంటాడు?

మనకంటూ ఒక చరిత్ర లేదా అంటే ఉంది, మనం దాన్ని కార్డు మీద వేయలేదంతే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ మూడు మైళ్లు తవ్వే కాంట్రాక్టు పట్టి, చచ్చిపోయే జనానికి కూలి పని చూపించాడు. ఆ కరువు పనులు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. వాళ్లు అన్నం కోసం ప్రభువులోకి వచ్చారని ఎవరూ అనకూడదని, వచ్చినవాళ్లకి కూడా ఆ అనుమానం ఉండకూడదని. ఆ పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు. ఆదివారం పనికి రామన్నందుకు, జాతరకి డప్పు కొట్టబోమన్నందుకు ఆ కాలంలో పల్లెలు పల్లెలే బాధలు పడ్డాయి. వాళ్లకెవరూ ‘నువ్వు తలవు’ అని కార్డు ఇవ్వలేదు. ఊరు తమని దేనికింద జమకట్టిందో వాళ్లకి తెలుసు, దేవుడు తమని మనుషులుగా చూశాడని విన్నారు, చాలనుకున్నారు. రొట్టె కోసం వస్తారేమోనని భయపడి తలుపు మూసినవాడి సంఘాల మనవలం మనం, ఇవాళ ఫ్లెక్సీ మీద రొట్టె బొమ్మ వేసి, పక్కన కారు బొమ్మ కూడా వేసి పిలుస్తున్నాం.

ఇంక నవ్వడం నావల్ల కాదు. ఆ కార్డు కింద ఫోను నంబరున్న పెద్దగారు, ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు, మీకూ తెలుసు, పత్తి తీయించి నెలలైనా కూలి ఇవ్వలేదు. ‘సరుకు అమ్మాక చూద్దాం.’ సరుకు అమ్మారు. కార్డులు వేయించారు, స్పాన్సరు పేరు మైకులో మూడుసార్లు చదివించుకున్నారు. ఆ పత్తి తీసిన ఆడవాళ్లు అదే మందిరంలో, ముందు కుర్చీల్లో కాదు, చాపల మీద, పిల్లల్ని ఒళ్లో నిద్రపుచ్చుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్నారు. పళ్లెం వాళ్ల దగ్గరికీ వచ్చింది. వాళ్లూ కళ్లు మూసుకుని తీశారు, కానుక కూడా వేశారు. తన వేళ్లు పగిలిన కూలి డబ్బులతో అచ్చయిన కాగితం మీద ‘నీవు అప్పిచ్చెదవు గాని అప్పు చేయవు’ అని చదివించుకుని ఒకామె ఆమేన్ అంది. సిగ్గుండాలి మనకి. ఆమె అప్పిచ్చే ఉంది, ముందు కుర్చీలో కూర్చున్నాయనకి! ఆ సంగతి దేవుడెప్పుడో రాసిపెట్టాడు, యాకోబు 5:4లో. ‘మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది.’ ఇది కూడా వాగ్దానమే. కోతవాళ్ల కేకలు ప్రభువు చెవిని పడ్డాయన్నది ఆ చాప మీద కూర్చున్నామెకి ఇవ్వగలిగినంత గట్టి వాగ్దానం. అది వేయరు. అది వేస్తే స్పాన్సరు దొరకడు.

వచ్చే ఏడాది పళ్లెంలో ఆ ఒక్క వచనం కలపమని కమిటీలో అడిగాను. కొత్త సంవత్సరం పూట అశుభం ఎందుకన్నారొకరు. ముహూర్తాలు చూసుకునేవాళ్లని ఆయనే కదా ఆదివారం ఆదివారం ఏకేసేది అని గుర్తుచేశాను. ఇంకొకాయన, అది ఎవరికి వస్తుందో తెలియదు గదండీ, పొరపాటున పెద్దగారి చేతికే వస్తే బాగుండదన్నారు. పొరపాటున కాదు, ఆయన కార్డు మాత్రం మనమే ఎంచి ఇద్దామన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి పాస్టరుగారు చాలా ప్రేమగా, ‘మంచి భారమే బ్రదర్, ప్రార్థనలో పెడదాం’ అని ముగించారు.

మందిరం వెనక ఆడవాళ్లకి మరుగుదొడ్డి, పల్లెవైపు వీధిలైటు, చాపల బదులు కుర్చీలు, అవన్నీ కూడా ప్రస్తుతం ప్రార్థనలోనే ఉన్నాయి.