ఆ సీట్లు ఖాళీగా ఉండకూడదు

ఇంగ్లండ్‌లోని డర్హం ఊళ్ళో, గని కార్మికుల సంఘం కట్టుకున్న రెడ్‌హిల్స్ భవనంలో సభా మందిరం తలుపు తీయగానే కనపడేవి సీట్లు. మెట్లు మెట్లుగా పేర్చిన చెక్క సీట్లు, దాదాపు 300. ప్రతిదానికీ ఓ నంబరు. ఒక్కో బొగ్గు గని నుంచి కార్మికులు ఎన్నుకుని పంపిన మనిషి అక్కడ కూర్చునేవాడు. ఓ నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

1915లో తెరిచిన ఈ హాలు ఏ దొరా కట్టించింది కాదు, సర్కారు ఇచ్చింది అంతకన్నా కాదు. 1869లో ఏర్పడిన డర్హం మైనర్స్ అసోసియేషన్ తన సభ్యుల చందాలతో కట్టుకుంది. జీతాలు, సమ్మెలు, గనుల్లో భద్రత అన్నీ ఇక్కడే తేల్చుకునేవారు. అందుకే 'పిట్‌మన్స్ పార్లమెంట్', అంటే గని కార్మికుల పార్లమెంటు, అన్న పేరు. ఈ బొగ్గు ప్రాంతంలో చివరి గని వేర్‌మౌత్ 1993లో మూతపడింది. పార్లమెంటు మిగిలింది, పంపేవాళ్ళు లేరు.

పాత కట్టడాల్ని కాపాడటానికి లాటరీ సొమ్ము ఇచ్చే హెరిటేజ్ ఫండ్ సాయంతో, విరాళాలతో దీన్ని బాగుచేయడం మంచి పని. కానీ గోడలు బాగుచేసినంత మాత్రాన సరిపోదు. పెళ్ళి ఫోటోలకు బ్యాక్‌గ్రౌండ్‌గా మిగిలిపోతే నాకు నిజంగా బాధే. భవనం నడవాలంటే అద్దెలు కావాలి, కాదనను. అయితే ఆ మందిరం మాత్రం ముందు మాట్లాడుకోవడానికే ఉండాలి: యూనియన్లకు, బడిపిల్లలకు, డబ్బు లేని చిన్న సంఘాలకు.

డర్హంలో ఏటా జూలై రెండో శనివారం జరిగే గని కార్మికుల పండుగ 'గాలా'కు వెళ్ళినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. బ్యాండు మేళాలతో పాత గనుల బ్యానర్లు ఇప్పటికీ ఊరేగుతాయి. ఆ ఏడాది గనిలో ఎవరైనా పోయి ఉంటే బ్యానరుకు నల్లగుడ్డ కట్టడం గనులు నడిచిన రోజుల్లో వాళ్ళ ఆనవాయితీ. మొదటి గాలా 1871లో జరిగింది. ఎల్లందు దగ్గర బొగ్గు బయటపడిందీ ఆ ఏడాదే. బాయి దిగిన మనిషి ఇంటికొచ్చేదాకా గుమ్మంలో ఎదురుచూడటమంటే ఏమిటో మనలో సింగరేణి కుటుంబాలకు తెలుసు.

మన సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. వచ్చే సర్వసభ్య సమావేశం హోటల్లో వద్దు, రెడ్‌హిల్స్‌లో పెట్టండి. అద్దె ఆ భవనానికే పోతుంది. పిల్లల్ని కూడా తీసుకొద్దాం. ఆ నంబర్ల సీట్లలో కూర్చుని వాళ్ళూ చెయ్యెత్తి ఓటేయనివ్వండి.