సంచి ఇవ్వలేదు, చేపను ఇచ్చేశారు

చుట్టాలొచ్చారు, కొర్రమీను కావాలన్నారు. హన్మకొండ మార్కెట్‌కు పోయి కొన్నాను. కోసే దగ్గర జనం బాగా ఉన్నారు. ఇంట్లో కోసుకుంటాం అని బతికున్నదాన్నే నల్ల కవర్లో వేయించుకుని బయటపడ్డాను.

గేటు దగ్గర బడిపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. వెనకాల ‘ప్లాస్టిక్ వద్దు, గుడ్డ సంచి ముద్దు’ అని ఫ్లెక్సీ. రెండు జడల పాప నా కవరును వేళ్లతో నలిపి చూసింది.

"ఇది 120 మైక్రాన్ల లోపే ఉంటది అంకుల్. 2022 డిసెంబర్ 31 నుంచి ఇసొంటివి బంద్. కవర్ మాకియ్యండి, సంచి తీస్కోండి."

మా ఆఫీసులో ఏ సర్క్యులరూ నాకింత స్పష్టంగా అర్థం కాలేదు. ఈలోగా ఇంకో పిల్లాడు చేపను నా చేతుల్లో పెట్టి కవరును గోనెసంచిలో పడేశాడు. అప్పుడు చెప్పింది పాప: "సంచులు అయిపోయినయ్ అంకుల్. సార్ తేనీకి పోయిండు."

మామూలు చేపైతే నీళ్లు లేక ఈపాటికి నీరసపడేది. కొర్రమీను అలా కాదు. పైకొచ్చి గాలి పీల్చే జాతి, నీళ్లు లేకున్నా గంటల తరబడి బతుకుతుంది. పైగా తెలంగాణ రాష్ట్ర చేప. ఆ హోదా దానికి తెలిసినట్టే ఉంది, తోకతో నా చెంప మీద రెండు వాయించింది. ఉగ్గుపాలు వద్దని ఏడ్చే పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పొదువుకున్నాను. ఇస్త్రీ చొక్కా నిండా జిగురు. జేబులో ఫోను మోగుతోంది. ఎవరు చేస్తున్నారో తెలుసు, తీసే చెయ్యి లేదు. పక్కనే చేపలమ్మ వచ్చినవాళ్లకు వచ్చినట్టు నల్ల కవర్లు ఇస్తూనే ఉంది. ఆమెకు ఆ కవర్లు టోకున అమ్మే దుకాణం ముందు మాత్రం ఏ పిల్లల్నీ నిలబెట్టరు.

సారు వచ్చారు. సంచులతో కాదు, సెల్‌ఫోన్‌తో.

"సార్, చేప కొంచెం పైకి పట్టుకోండి, ఒక్క ఫొటో."

"ముందు సంచి ఇప్పించండి సార్."

"వస్తున్నయ్ సార్, ఆటోలో ఉన్నయ్. కొంచెం నవ్వండి."

నవ్వాను. చేప జారింది, నేరుగా మోరీలోకి. నలుగురు పిల్లలు దూకి పట్టుకొచ్చారు. నీళ్ల ప్యాకెట్లు పళ్లతో చింపి కడిగారు. ఎన్ని ప్యాకెట్లో లెక్కపెట్టే ధైర్యం చాల్లేదు. నేను ఫ్లెక్సీ వైపు చూశాను. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా 2022 జూలై 1 నుంచి నిషేధమే. పాప కూడా చూసింది, దాని అంచును వేళ్లతో నలిపింది, సారు మొహం చూసి ఊరుకుంది.

ఆటో రాలేదు. చివరికి ఆ పాపే గోనెసంచిలో వెతికి నా కవరు నాకే ఇచ్చింది.

"ఈసారికి తీస్కపోండి అంకుల్. కడిగి, ఆరబెట్టి సోమారం మా బళ్లె ఇయ్యాలె."

పులుసు బాగా కుదిరిందట. మోరీ సంగతి చుట్టాలకు ఇంకా చెప్పలేదు, వాళ్లు బుధవారం దాకా ఉంటారు.