కౌమార ఆరోగ్యం: తోటి పిల్లలకు ఇచ్చే శిక్షణలో కొరవడుతున్నది ఏమిటి?

కేంద్ర ప్రభుత్వం 2014 జనవరి 7న ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల పిల్లలందరి కోసం ఉద్దేశించినది. ఒక్కో ఆశా కార్యకర్త పరిధిలో ఇద్దరు అమ్మాయిలను, ఇద్దరు అబ్బాయిలను ఎంపిక చేసి, ఆరు రోజుల శిక్షణ ఇచ్చి, తోటి పిల్లలతో ఆరోగ్య విషయాలు మాట్లాడించాలన్నది అందులోని కీలకమైన ఆలోచన. 'సాథియా' అని పిలిచే ఈ పిల్లల కోసం 2016 డిసెంబరులో ప్రత్యేక కిట్టును, మొబైల్ యాప్‌ను కూడా విడుదల చేశారు. ఆలోచన మంచిదే. అయితే ఆ ఆరు రోజులనూ సమాచారం ఎక్కించడానికే వెచ్చిస్తే, పిల్లలకు నిజంగా అక్కరకు వచ్చే నేర్పు అందకుండా పోతుంది.

అవసరం ఎంత ఉందో చెప్పడానికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) అంకెలు చాలు. 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో సర్వే నాటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం కాగా, తెలంగాణలో అది 5.8 శాతం. ఈ అమ్మాయిల్లో చాలామంది బడి మానేసినవారే. మిరప కోతల కాలంలో తల్లిదండ్రుల వెంట కూలికి వెళ్లే పిల్ల, పదిహేడేళ్లకే అత్తారింటికి చేరిన పిల్ల వారాంతపు సమావేశానికి రారు. సాథియాలను, అంటే ఈ సహచర బోధకులను మాత్రం సాధారణంగా చదువులో చురుగ్గా ఉన్న పిల్లల్లోంచే ఎంచుకుంటాం. కనుక ఎంపిక దగ్గరే దూరం మొదలవుతోంది.

సహచర బోధన వల్ల ప్రధానంగా లాభపడేది బోధించే పిల్లలేనని, వినేవారి ప్రవర్తనలో వచ్చే మార్పు స్వల్పమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన వెంకట్రామన్ చంద్రమౌళి, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన సమీక్షలో పేర్కొన్నారు. ఈ మాట విని పథకాన్నే చుట్టచుట్టి పక్కన పెట్టేయాలని నేను అనను. తోటివారు సమాచారం అందించి, సరైన సేవ దగ్గరకు దారి చూపగలరనీ, ఆ పని సమగ్ర కార్యక్రమంలో భాగంగా ఉన్నప్పుడే అక్కరకు వస్తుందనీ ఆ సమీక్షను బట్టి అర్థం చేసుకోవాలి. శిక్షణను ఆ లెక్కన మలచుకోవాలి.

పిల్లలు అడిగే ప్రశ్నలు చూడండి. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతాయా అని అమ్మాయిలు భయపడుతూ అడుగుతారు. నిద్రలో వీర్యం పోతే నరాలు బలహీనపడతాయా అని అబ్బాయిలు అడుగుతారు. బస్టాండు గోడల మీద కనిపించే వైద్య ప్రకటనలు బతికేదే ఈ భయం మీద. వీటికి సాథియా ధైర్యంగా జవాబు చెప్పవచ్చు: నిద్రలో వీర్యం పోవడం ఆ వయసులో సహజం, దానివల్ల బలహీనత రాదు, తెల్లబట్ట కొద్దిగా కావడం మామూలే, ఎముకలు కరగవు, దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటేనే వైద్యం అవసరం. కానీ "అక్కా, నెల తప్పింది, ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అని పదహారేళ్ల పిల్ల వచ్చి ఏడిస్తే, మరో పదిహేడేళ్ల పిల్ల ఏం చేయాలి? ఆ క్షణానికి పాఠం అక్కరకు రాదు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో, ఆమె వెంట ఎవరు వెళ్లాలో ముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ చట్టం కూడా అడ్డు వస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారి విషయంలో అంగీకారంతో సంబంధం లేకుండా లైంగిక చర్య నేరమే. దాని గురించి తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే శిక్ష విధించే 21వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం మాత్రం పిల్లలకు ఆ శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. మైనర్ గర్భస్రావం కోసం వచ్చినప్పుడు, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు వెల్లడించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న వైద్యులకు వెసులుబాటు ఇచ్చింది. ఈ రెండు సంగతులూ శిక్షకుడికి తెలియకపోతే, భయపడిన సాథియా మౌనంగా ఉండిపోతుంది. భయపడిన పిల్ల ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరో, మందుల దుకాణం దగ్గరో మాత్రలు కొనుక్కుంటుంది. ప్రాణం మీదికి తెచ్చే దారి అదే.

కాబట్టి ఆరు రోజుల్లో సగమైనా నటించి చూపే సాధనకు కేటాయించాలి. ఒక పిల్ల ప్రశ్న వేస్తుంది, మరొకరు జవాబిస్తారు, "ఇది నాకు తెలియదు, తెలిసినవాళ్ల దగ్గరకు కలిసి వెళదాం" అనడం కూడా అలవాటవుతుంది. శిక్షణ చివరి రోజున వారిని ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకెళ్లి ఏఎన్‌ఎంకు పరిచయం చేయాలి; దగ్గరలోని ఆసుపత్రిలో కౌమార క్లినిక్ ఏ గదిలో ఉందో, ఏ రోజున తెరుస్తారో కళ్లారా చూపించాలి. తరువాత ప్రతి నెలా ఒక పెద్దామె వారి పక్కన కూర్చుని, ఎవరి పేరూ అడగకుండా, ఏ ప్రశ్నకు తడబడ్డారో వినాలి. ఆ పని ఎవరిదో ఖరారు చేసి, అందుకు వేతనం కూడా చెల్లించనిదే సాథియా కిట్టు అటక మీదే ఉంటుంది.