డీర్యామ్ లైటు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ మదర్‌బోర్డు మీద కొలువైన ఆరెంజ్ రంగు డీర్యామ్ లైటు గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఆ కుశలం మీ ఒక్కరిదే. నా చేత్తో నేనే బిగించుకున్న కొత్త కంప్యూటర్‌ని ఆన్ చేస్తే, ఆదివారం మధ్యాహ్నమంతా ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే, మానిటర్ మీద "నో సిగ్నల్" అని వచ్చి పోతుంటే, మీరు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా వెలుగుతూనే ఉన్నారు. ఆన్ అయ్యేటప్పుడు ఒక్కో భాగం సంగతి చెప్పే మీ వరసలో, మీ పక్కన సీపీయూ లైటు గారు ఇలా వెలిగి అలా ఆరిపోయారు, పాపం మర్యాదస్తుడు. వీజీఏ, బూట్ అని ఇంకో ఇద్దరున్నారట, వాళ్ళ దాకా మీరు పోనిస్తే కదా.

మాన్యువల్ తీసి చూశానండీ. మీరు వెలిగితే "ర్యామ్ కనపడలేదు, లేదా ఫెయిల్ అయింది" అని అర్థమట. అంతే, మూడో మాట లేదు. సరే అని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటూ, నాలుగో స్లాటూ, రెండిట్లోంచీ ర్యామ్ పీకి మళ్ళీ టక్‌మనేదాకా నొక్కా. వెలిగారు. ఒక్క స్టిక్కే పెట్టా, వెలిగారు. తమ్ముడు ఫోన్లో "అన్నయ్యా, గోల్డ్ పిన్నుల మీద రబ్బరుతో రుద్దు" అన్నాడు (మన దగ్గర ఏ కంప్యూటర్‌కైనా మొదటి వైద్యం అదే కదా), సీల్ అప్పుడే తీసిన కొత్త ర్యామ్‌ని కూర్చుని రుద్దా. బోర్డు సెట్టింగులు చెరిపేద్దామని సీమాస్ బ్యాటరీ పీకుదామంటే అది గ్రాఫిక్స్ కార్డు కింద, కార్డు తీద్దామంటే దాని లాక్ వేలు దూరని సందులో, ఆ డిజైన్ చేసిన మహానుభావుడి చేతులు ఎంత సన్నగా ఉంటాయో గానీ. అదీ పీకా, మళ్ళీ పెట్టా, మళ్ళీ మీరే.

అసలు సంగతి తర్వాత తెలిసింది. డీడీఆర్5కి, అంటే ఈ కొత్త తరం ర్యామ్‌కి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ట్రైనింగ్ అని ఒకటి ఉంటుందట, ప్రాసెసర్‌లో ఉండే మెమరీ కంట్రోలర్ ర్యామ్‌కి వెళ్ళే ఒక్కో లైనుకీ టైమింగ్ సరిచూసుకోవాలి, 4800 స్పీడులో ఒక్కో బిట్‌కి దొరికేది దాదాపు 208 పికోసెకన్లే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు) కాబట్టి అదేం ఆషామాషీ పని కాదు, నిమిషాలు పడుతుంది, ర్యామ్ ఎక్కువుంటే ఇంకా పడుతుంది. పట్టనీ. దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ ట్రైనింగ్ జరిగినంతసేపూ వెలిగేదీ మీరే, ర్యామ్ చచ్చి పడున్నా వెలిగేదీ మీరే, రంగులో తేడా లేదు, తీరులో తేడా లేదు. ఫెయిల్ అయిందని మీరు చెప్తే నమ్మి పవర్ ఆపితే జరిగిన ట్రైనింగ్ అంతా గంగలో కలిసి మళ్ళీ మొదటికి. సీమాస్ క్లియర్ చేస్తే మళ్ళీ మొదటికి. ర్యామ్ మార్చినా మళ్ళీ మొదటికే. అంటే మీ మాట విని చేసిన ప్రతి వైద్యమూ జబ్బుని కొత్తగా అంటించేదే!

ఇక మీరూ లేదు, గారూ లేదు. ఏం, కాస్త మిణుకుమిణుకుమనడానికి నీకేం రోగం? వంటింట్లో కుక్కర్‌కి చదువూ లేదు సంధ్యా లేదు, అది కూడా లోపల ఏదో ఉడుకుతోందని విజిలేసి చెప్తుంది. కనపడట్లేదని నువ్వు ఒట్టేసి చెప్తున్న ఆ ర్యామ్ ఉంది చూశావా, అది నీ కళ్ళెదురుగానే 1.67 కోట్ల రంగుల ఆర్జీబీ లైట్లతో పెళ్ళిపందిరిలా మెరిసిపోతోంది. పనికిరాని వెలుగుకి అన్ని రంగులు, పనికొచ్చే వెలుగుకి ఒక్క రంగా? ఆ కోట్లలో ఒక్కటి, ఒకే ఒక్కటి, "ఆగరా బాబూ, పనిలో ఉన్నా" అని చెప్పడానికి నీకిస్తే ఎవడి సొమ్ము పోయింది?

చివరికి అమ్మ "షాపులో చేసిందే కొనుంటే ఈపాటికి ఆడుకునేవాడివి, అన్నం చల్లారిపోతోంది రా" అని అరిస్తే విసుగొచ్చి ఎలా ఉన్నది అలాగే వదిలేసి వెళ్ళా. తిని చెయ్యి కడుక్కొచ్చేసరికి బయోస్ స్క్రీన్ (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర), 32 జీబీ అని సుబ్బరంగా చూపిస్తోంది. నువ్వేమో ఆరిపోయి, నాకేం తెలుసన్నట్టు.

రేపు ర్యామ్‌ని పూర్తి స్పీడుకి తెచ్చే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి 6000కి పెడుతున్నా. మళ్ళీ ట్రైనింగ్, మళ్ళీ నీ మొహం. ఈసారి నిన్ను చూడను, స్క్రూడ్రైవర్ అవతల పెట్టి కాఫీ తాగుతా, నీ ఇష్టమొచ్చినంతసేపు వెలుగు.

ఇట్లు,
నీ మాట ఇక నమ్మనివాడు

తా.క: పవర్ స్విచ్ వైర్లు గుచ్చే ఆ బుల్లి పిన్నులకి విడిగా రాస్తా. వాటికి నమస్కారంతో మొదలుపెట్టే ఉద్దేశం లేదు.