వీవీప్యాట్ చీటీ వట్టి బొమ్మేనా?

ఓట్ల లెక్కింపు దగ్గరపడితే చాలు, ఓటింగ్ మిషన్ పక్కనుండి మన ఓటు ఎవరికి పడిందో చీటీ అచ్చేసి చూపే వీవీప్యాట్ మీద పాత వాట్సాప్ సందేశం ఒకటి మళ్లీ ఊరంతా తిరుగుతుంది. దాని సారాంశం ఇదీ: "వీవీప్యాట్ జనాన్ని మభ్యపెట్టే బొమ్మ. చీటీ మన చేతికివ్వరు. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టి తేడా తేలినా మిషన్ మాటే చెల్లుతుంది. 5 మిషన్లు చూడటం కంటితుడుపు. సుప్రీంకోర్టు కూడా తలుపులు మూసేసింది." ఇందులో ఒక్క ముక్క మాత్రం కొట్టిపారేయలేనిది. అక్కడికి వచ్చాక చెప్తాను.

"చేతికివ్వరు." అవును, ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా. ఓటుకు నోటు పంచడం చూస్తూ పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? చీటీ జేబులో పెట్టుకుని బయటికి రానిస్తే, డబ్బు పంచినవాడు సాయంత్రానికల్లా గుమ్మంలో నిలబడి "ఏదీ, చూపించు" అంటాడు. రహస్య ఓటు అక్కడితో సరి. అందుకే అద్దం వెనక 7 సెకన్లపాటు అభ్యర్థి వరస సంఖ్య, పేరు, గుర్తు కనిపించి, చీటీ తెగి డబ్బాలో పడుతుంది. దాన్ని దుకాణం రసీదులా చూడటంతోనే చిక్కంతా వచ్చింది. అది పాతకాలపు బ్యాలెట్ కాగితానికి చుట్టం. దాని చోటు సీలువేసిన డబ్బాయే.

"ఎవరూ లెక్కపెట్టరు." వీవీప్యాట్‌ను మొదటిసారి వాడింది 2013 సెప్టెంబరులో, నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో. ఆ మరుసటి నెలలోనే, స్వేచ్ఛగా, నిష్పక్షపాతంగా ఎన్నికలు జరగాలంటే కాగితపు ఆధారం తప్పనిసరి అని సుప్రీంకోర్టు తేల్చింది. మొదట్లో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక్క బూత్ చీటీలే లెక్కపెట్టేవారు. చంద్రబాబు నాయుడు సహా 21 మంది ప్రతిపక్ష నేతలు సగం మిషన్లవి లెక్కపెట్టాలని కోర్టుకెక్కితే, 2019 ఏప్రిల్ 8న ఒకటి కాస్తా 5 అయింది. ఏ 5 బూత్‌లన్నది అభ్యర్థుల, వాళ్ల ఏజెంట్ల ఎదుటే లాటరీ తీసి తేలుస్తారు.

లెక్కపెట్టకపోతే మైదుకూరు సంగతి బయటపడేదే కాదు. 2019లో అక్కడ ఒక బూత్‌లో చీటీల లెక్క, మిషన్ లెక్క కుదరలేదు. ఆరా తీస్తే, పొద్దున ఏజెంట్ల ముందు పరీక్ష కోసం వేసిన మాక్ పోల్ ఓట్లను మిషన్‌లోంచి చెరిపేయలేదని తేలింది. కుట్ర కాదు, మతిమరుపు. కానీ పట్టిచ్చింది మాత్రం కాగితమే.

"మిషన్ మాటే చెల్లుతుంది." ఇది పచ్చి అబద్ధం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56డి చదవండి. తేడా వస్తే చీటీల లెక్క ప్రకారమే ఫలితం సవరించాలి. కాగితానిదే పైమాట.

ఇక ఆ 5 మిషన్ల సంగతి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టి చూస్తే చాలు కదా అంటారు అధికారులు. మాట మంచిదే. అయితే వండింది ఒకే కుండలోనా, వేరువేరు కుండల్లోనా?

ఆంధ్రప్రదేశ్‌లో 175 సెగ్మెంట్లు, అంటే సెగ్మెంటుకు 5 చొప్పున 875 మిషన్లు తనిఖీకి వస్తాయి. రాష్ట్రమంతటా నూటికి ఒక్క మిషన్‌ను మార్చారనుకుందాం. లాటరీలో ఒక్కటీ చిక్కకుండా తప్పించుకునే అవకాశం పదివేలకు రెండు కూడా ఉండదు. రాష్ట్రాన్నే దొంగిలించాలంటే ఈ తనిఖీని దాటడం దాదాపు అసాధ్యం.

ఒక్క సీటు దగ్గరికి వస్తే కథ మారుతుంది. 250 బూత్‌లున్న చోట 25 మిషన్లు చెడ్డవనుకోండి. 5 తీసి చూస్తే, ఆ 25లో ఒక్కటి కూడా చిక్కకుండా పోయే అవకాశం నూటికి సుమారు 59. కొద్ది వందల ఓట్ల తేడాతో తేలే సీటుకు 25 బూత్‌లు ఎక్కువే. మిషన్లు మార్చారని ఈ లెక్క చెప్పడం లేదు, మారిస్తే ఈ 5 పట్టుకుంటాయన్న ధీమా ఇవ్వడం లేదు, అంతే. సందేశం రాసినాయన ఇక్కడ చెయ్యి సరైన చోటే పెట్టాడు, "కంటితుడుపు" అని మొత్తాన్ని కొట్టేసి ఆ మంచి వాదనను తానే చెడగొట్టుకున్నాడు. నన్నడిగితే తేడా తక్కువున్న కొద్దీ ఎక్కువ బూత్‌లు లెక్కపెట్టాలి. అన్ని సీట్లకూ ఒకే అంకె ఎందుకో నాకు అంతుపట్టదు.

"కోర్టు తలుపులు మూసేసింది." 2024 ఏప్రిల్ 26న చీటీలన్నీ లెక్కపెట్టాలన్న వినతిని కొట్టేసిన మాట వాస్తవమే. అదే తీర్పులో, వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు సీలువేసి భద్రపరచాలంది. రెండో, మూడో స్థానంలో నిలిచినవాళ్లు 7 రోజుల్లోగా రాతపూర్వకంగా అడిగితే, సెగ్మెంటుకు 5 శాతం మిషన్ల మెమరీని ఇంజినీర్లు పరిశీలించాలంది. ఖర్చు అడిగినవాళ్లదే, మోసం రుజువైతే తిరిగిస్తారు.

చీటీల కోసమైతే అన్నాళ్లు ఆగక్కర్లేదు. ఓట్ల లెక్క ప్రకటించగానే, ఏ బూత్‌వైనా, అన్నింటివైనా సరే లెక్కపెట్టమని అభ్యర్థి గానీ ఏజెంటు గానీ అదే 56డి కింద రిటర్నింగ్ అధికారికి రాసివ్వచ్చు. ఆయన కాదనొచ్చు, కానీ ఎందుకు కాదంటున్నాడో కాగితం మీద రాయాల్సిందే.